తల లేని కాసులు

— బి.యస్సీ. (బి.జెడ్.సి.), తృతీయ సంవత్సరం

సావనీరుకు ఏదైనా రాసివ్వమని మా యూనియన్ సాహిత్య కార్యదర్శి నన్ను మూడుసార్లు అడిగాడు. "కవితైనా సరే, ప్రేమ మీదైనా సరే" అన్నాడు. మా హాస్టల్లో కవులు ఇప్పటికే మెస్సు సాంబారులో ముక్కలకన్నా ఎక్కువమంది ఉన్నారు గనుక ఆ జోలికి పోలేదు. నేను రాయబోయేది రెండువేల ఏళ్ళనాటి యూదుల కంచు నాణేల గురించి. నవ్వకండి. బి.జెడ్.సి. చదివేవాడికి, అందులోనూ మిరప మళ్ళలో పుట్టి పెరిగినవాడికి, యూదుల కాసులతో ఏం పని అని పేజీ తిప్పెయ్యకండి. పనుంది.

సంగతేమిటంటే, కెమిస్ట్రీ సెమినారులో నా వంతుకు "రాగి, దాని మిశ్రమ లోహాలు చిలుము పట్టే విధానం" అనే అంశం వచ్చింది. "బోర్డు నిండా సమీకరణాలు రాస్తే ఎవడూ వినడు, నాలుగు బొమ్మలు చూపించు" అన్నారు మా మాస్టారు. బొమ్మల కోసం లైబ్రరీలో పాత నాణేల పుస్తకాలు తిరగేశాను. చిలుము వెతుక్కుంటూ పోయినవాణ్ణి, చిలుము కింద ఉన్న బొమ్మ దగ్గర ఆగిపోయాను. చిటికెన వేలి గోరుకన్నా కాస్త పెద్దదిగా ఉండే ఒక పచ్చటి కాసు. దాని మీద మూడు కంకులు. మధ్యది నిటారుగా ఉంది, అటూ ఇటూ రెండూ బరువుకు వంగినట్టు ఉన్నాయి. మూడింటినీ కలిపి కట్టారు. కోతల్లో పనకట్టేవాళ్ళకు ఎవరికైనా ఆ కట్టు చూడగానే తెలుస్తుంది. అవి యవలు, అంటే బార్లీ. మనకు బార్లీ అంటే జ్వరం వచ్చినప్పుడు తాగించే నీళ్ళే. ఆ దేశంలో మాత్రం అది బీదవాడి రొట్టె, గొడ్డుకు దాణా. మా పల్లెలో జొన్నల్లాగా అన్నమాట.

చిన్నప్పుడు పందాలకీ, ఇప్పుడు క్రికెట్టుకీ మనం "బొమ్మా? బొరుసా?" అని నాణెం ఎగరేస్తాం. బొమ్మ అంటే రాజుగారి తల. అలెగ్జాండర్ తర్వాతి కాలంలో గ్రీకు రాజులు చాలామంది తమ తలలు నాణేల మీద వేయించుకున్నారు. రోములో బతికుండగా తన తల నాణెం మీదికి ఎక్కించుకున్న మొదటివాడు జూలియస్ సీజర్, క్రీ.పూ. 44లో. ఆ తర్వాత చక్రవర్తి మారినప్పుడల్లా తల మారింది. రాజు ఎలా ఉంటాడో ఎన్నడూ చూడని పల్లెటూరివాడికి కూడా రాజు ముక్కు ఎంత పొడుగో నాణెం చెప్పేది.

యూదుల రాజుల్లో చాలామంది ఆ పని చెయ్యలేదు. దేనికీ విగ్రహం చేసుకోవద్దని వాళ్ళ ధర్మశాస్త్రంలో రెండో ఆజ్ఞ. ఆ ఆజ్ఞను అన్ని కాలాల్లోనూ ఒకే తీరుగా పాటించారని చెప్పలేం. పారశీకుల ఏలుబడిలో, క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో అక్కడ ముద్రించిన చిన్న వెండి నాణేల మీద పక్షులూ ఉన్నాయి, మనుషుల తలలూ ఉన్నాయి. కానీ మక్కబీయుల తిరుగుబాటుతో పైకొచ్చిన హస్మోనియన్ వంశం వాళ్ళు మాత్రం ఈ విషయంలో కచ్చితంగా ఉన్నారు. క్రీ.పూ. 135 నుంచి 104 దాకా ఏలిన యోహాను హిర్కానస్ కంచు కాసు చూడండి. ఒక వైపు ఆకుల దండ, దాని మధ్య "ప్రధాన యాజకుడు యోహాను, యూదుల సభ" అని అక్షరాలు. రెండో వైపు పండ్లతో పొంగిపొర్లే రెండు కొమ్ములు, వాటి నడుమ ఒక దానిమ్మ కాయ. ఆ జంట కొమ్ములు గ్రీకుల దగ్గర తీసుకున్నవే. గ్రీకు రాజుల బొమ్మల్లో వాళ్ళు వాడుకున్నది కొమ్ములను మాత్రమే, తలను వదిలేశారు. నడుమ దానిమ్మను పెట్టుకున్నారు. ఇంకొకటి గమనించాలి. ఆ అక్షరాలు అప్పటికి వాడుకలో ఉన్న లిపి కాదు, తాతల కాలంనాటి పాత హీబ్రూ లిపి. సామాన్యుడు అది చదవగలిగాడో లేదో గాని, అది తన తాతల రాత అని మాత్రం గుర్తుపట్టి ఉంటాడు.

దానిమ్మ ఊరికే రాలేదు. వాళ్ళ దేవుడు వాళ్ళకు ఇస్తానన్న నేల ఎలాంటిదో ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అందులో బంగారం గనుల లెక్క కాదు, పంటల లెక్క ముందు వస్తుంది: గోధుమలు, యవలు, ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ, తేనె. ఆ తేనె ఖర్జూరపు పండ్ల పాకమని వాళ్ళ పెద్దలు అర్థం చెప్పుకున్నారు. ఏడు పంటలు! వీటిలో యవలు, ద్రాక్ష, దానిమ్మ, ఖర్జూరం మళ్ళీ మళ్ళీ కాసుల మీదికి వచ్చాయి. రాజు మొహం ఉండాల్సిన చోట రైతు పంట ఉంది. నాకు ఈ ఒక్క ముక్క చాలా నచ్చింది. నచ్చింది గనుకే దాన్ని కొంచెం అనుమానంగా కూడా చూడాలనిపించింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు కాసు ఎలా తయారయ్యేదో చెప్పాలి, ఎందుకంటే అది నా సబ్జెక్టు. సుద్దరాయి పలకలో వరసగా గుండ్రటి గుంటలు తొలిచి, గుంటకూ గుంటకూ మధ్య సన్నటి కాలువ చెక్కేవారు. అచ్చం మన మళ్ళకు నీళ్ళు పారించినట్టే. కరిగిన కంచు ఒక చివర పోస్తే ఒక గుంట నిండి ఇంకో గుంటలోకి పారేది. ఉత్త రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ కావాలి. తగరమో సీసమో కలిపితే అంతకన్నా తక్కువ వేడికే కరిగి, సులువుగా పారుతుంది. చల్లారాక బిళ్ళల దండ బయటికి వస్తుంది. దాన్ని రెండు అచ్చుల మధ్య పెట్టి సమ్మెటతో కొట్టేవారు, ఉలితో విడగొట్టేవారు. అందుకే ఈ కాసుల్లో చాలా వాటికి పక్కన తెగ్గొట్టిన కాలువ మొండెం ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి రాతి పలకలు తవ్వకాల్లో దొరికాయి. పని తొందరలో కొట్టినవి కావడంతో బొమ్మ సగం బిళ్ళ బయట పడటం కూడా మామూలే.

ఈ తొందర ముఖ్యంగా అలెగ్జాండర్ యన్నాయి అనే రాజు కాసుల్లో కనిపిస్తుంది. ఆయన క్రీ.పూ. 76 దాకా ఏలాడు. ఒక పక్క లంగరు, ఇంకో పక్క ఎనిమిది కిరణాల చుక్క. సముద్రపు రేవులు చేతికొచ్చాయన్న గర్వం ఆ లంగరులో ఉందంటారు. ఆ కాసులు లెక్కలేనన్ని కొట్టించాడు. చివరికొచ్చేసరికి అవి ఒక గ్రాము కూడా తూగని రేకు ముక్కలయ్యాయి. ఏసుక్రీస్తు దేవాలయం కానుక పెట్టె దగ్గర కూర్చుని చూసిన బీద విధవరాలి రెండు కాసుల కథ మా ఊరి చర్చిలో ప్రతి ఏడూ చెబుతారు; ఆ రెండు కాసులు ఈ యన్నాయి కాసుల్లాంటివే అని చాలామంది నమ్మకం. రాజు పోయి నూరేళ్ళు దాటినా అవి జనం చేతుల్లో తిరుగుతూనే ఉన్నాయి మరి. బీదవాడి డబ్బుకు ఆయుష్షు ఎక్కువ; దాన్ని కరిగించి సొమ్ము చేసుకుందామని ఎవరికీ అనిపించదు.

ఇక్కడే ఒక తమాషా. అదే దేవాలయానికి మగవాడు ఒక్కొక్కడూ ఏటా అర షెకెలు పన్ను కట్టాలి. ఆ పన్ను ఈ దానిమ్మల కాసుల్లో కడితే తీసుకోరు. తూరు పట్నం వెండి నాణెమే కావాలి. తూరు నాణెం మీద ఏముంది? మెల్కార్తు అనే అన్యదేవుడి తల, రెండో వైపు గద్ద! వెండి మేలైనది గనుక బొమ్మ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చిల్లర కాసుకున్న నిష్ఠ వెండి నాణేనికి అక్కర్లేకపోయింది.

మత్తతీయ అంతిగొనస్ అనే చివరి హస్మోనియన్ రాజు మూడేళ్ళే ఏలాడు, క్రీ.పూ. 40 నుంచి 37 వరకు. రోము అండతో హేరోదు యెరూషలేము మీదికి వస్తున్న రోజుల్లో ఆయన ఒక చిన్న కంచు కాసు కొట్టించాడు. ఒక వైపు దేవాలయంలోని ఏడు కొమ్మల దీపస్తంభం, ఇంకో వైపు సన్నిధి రొట్టెల బల్ల. అంతకు ముందు ఏ నాణెం మీదా ఆ దీపం లేదు. రాజుగా తన వల్ల కానిది దేవుడి దీపం వల్ల అవుతుందేమోనన్న చివరి ఆశలాగా కనిపిస్తుంది నాకు. కాలేదు. అంతియొకయలో మార్క్ ఆంటోనీ ఆయన్ను చంపించాడు. ఆ దీపం మాత్రం ఆరిపోలేదు. నేటి ఇజ్రాయెల్ పది అగోరాల నాణెం మీద ఉన్నది ఆ కాసులోని దీపమే.

హేరోదు గురించి ఎక్కువ రాయను. ఆయన కాసుల మీద హీబ్రూ పోయి గ్రీకు వచ్చింది, పంటలు పలచబడి శిరస్త్రాణాలూ ముక్కాలి పీటలూ వచ్చాయి. ఒక చిన్న కాసు మీద గద్ద కూడా వాలింది. దేవాలయపు గుమ్మం మీద ఆయన పెట్టించిన బంగారు గద్దను మా వయసు కుర్రాళ్ళు కొందరు క్రీ.పూ. 4లో గొడ్డళ్ళతో నరికేశారు. హేరోదు వాళ్ళను తగలబెట్టించాడు.

ఇక ఆ మూడు కంకుల కాసు దగ్గరికి వద్దాం. అది ఎవరు కొట్టించారని అనుకుంటున్నారు? పొంతి పిలాతు! ఏసును సిలువకు అప్పగించిన ఆ రోమా అధికారే. క్రీ.శ. 29లో తిబెరి చక్రవర్తి పేరు మీద కొట్టించాడు. కంకులకు వెనకవైపు రోమా పూజారులు ద్రాక్షారసం ధారపోసే గరిటె ఉంది. తర్వాతి రెండేళ్ళ కాసుల మీద రోమా జోస్యుల వంకీ కర్ర వేయించాడు. ఇది తెలిసినప్పుడు నా ఉత్సాహం కొంచెం చల్లారింది. నేను రైతు బొమ్మ అనుకున్నది అధికారి బొమ్మ. పిలాతు కన్నా ముందు, క్రీ.శ. 6లో వచ్చిన కొపోనియస్ కూడా అంతే; ఒక వైపు యవల కంకి, ఇంకో వైపు గెలలు వేలాడే ఖర్జూరపు చెట్టు. ఆయన వచ్చిన ఏడే ఆ దేశంలో జనాన్నీ ఆస్తినీ లెక్క రాసి రోము పన్ను వేశారు. అంటే పన్ను వేసినవాడూ కంకే వేయించాడు! చక్రవర్తి తల వేయిస్తే జనం తిరగబడతారన్న జంకు ఒక కారణం. ఇంకో కారణం, చూసేవాడికి కంకి తనదే అనిపిస్తుంది. ఎవరు ముద్రించారో అడగడు.

మళ్ళీ క్రీ.శ. 41, 42 ప్రాంతంలో హేరోదు మనవడు అగ్రిప్ప రాజు కూడా మూడు కంకులే వేయించాడు, వెనకవైపు కుచ్చులు వేలాడే గొడుగు. రాజు మొహానికి బదులు రాజు గొడుగు! మన దేవుడి ఊరేగింపుల్లో ఛత్రం చూసినవాళ్ళకు ఈ కాసును చదవటానికి నిఘంటువు అక్కర్లేదు.

కంకి రైతుదా, పన్నుదా అనే ప్రశ్న నాకు ఊరికే పుట్టింది కాదు. 2021లో మా వైపు మిరపకు నల్ల తామర పురుగు వచ్చింది. పూలల్లో దూరి పూత మొత్తం రాల్చేసింది. దాని శాస్త్రీయ నామం ఇప్పుడు నాకు తెలుసు, అప్పుడు మందు పేరు కూడా తెలియదు. కొట్టువాడు ఏ డబ్బా ఇస్తే అది కొట్టాం. ఆ ఏడు నాన్న రాసిచ్చిన ప్రోనోటు ఇంకా తీరలేదు. ప్రోనోటుకు గడువు మూడేళ్ళు గనుక, కాలదోషం పట్టకుండా దాన్ని తిరగరాయాలి. తిరగరాసేనాటికి నాకు పద్దెనిమిది నిండాయి. అప్పిచ్చిన ఆయన చాలా మర్యాదగా, "అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడుగా, ఆయన సంతకం కూడా ఉంటే బాగుంటుంది" అన్నారు. నన్ను "ఆయన" అని మన్నించిన మొదటి మనిషి ఆయనే. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా నాన్న సంతకం, దాని పక్కన నాది. నా చేతిరాత బాగుంటుందని నాన్న మెచ్చుకున్నాడు.

అందుకే క్రీ.శ. 66లో యెరూషలేములో జరిగిన ఒక సంగతి చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రోము మీద తిరుగుబాటు మొదలైన ఆ రోజుల్లో తిరుగుబాటుదారులు మొట్టమొదట తగలబెట్టిన వాటిలో నగరపు దస్తావేజుల కొట్టు ఒకటి. అప్పుపత్రాలన్నీ అందులో ఉన్నాయి. వడ్డీవ్యాపారుల పత్రాలు కాలిపోతే బాకీలు వసూలు కావు, బాకీదారులంతా మన వైపు వస్తారు అని ఆ పని చేశారట. ఈ సంగతి రాసినవాడు జోసిఫస్. ఆయన యాజక కుటుంబంలో పుట్టిన ఉన్నవాళ్ళ బిడ్డ, పైగా తర్వాత రోము పక్షాన చేరినవాడు. పత్రాలు కాల్చినవాళ్ళంటే ఆయనకు ఏహ్యం. ఆ ఏహ్యంలోనే నిజం బయటపడింది. దేవాలయం కోసం, ధర్మం కోసం చేసిన యుద్ధం అని మనం చదువుకునే దాని అడుగున ఎంతమంది ప్రోనోట్లు ఉన్నాయో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

కాల్చడం ఒప్పా తప్పా అని మా రూములో రెండు రాత్రులు వాదించుకున్నాం. మా రూమ్మేటు నాన్నగారికి కిరాణా కొట్టు ఉంది, ఊళ్ళో అరువులన్నీ ఆయన పద్దు పుస్తకంలోనే ఉంటాయి. "ఆ పుస్తకం తగలబెడితే మేమేం తినాలి?" అన్నాడు వాడు. వాడన్నదీ న్యాయమే. నా సంతకం కాలిపోతే నాకెంత తేలికగా ఉంటుందో నేను చెప్పాను. వాదన తేలలేదు, లైటు తీసేశాం.

పత్రాలు కాల్చిన మరుసటి ఏడు, ఆ తర్వాతి ఏడు, యెరూషలేములో కొత్త కంచు కాసులు కుప్పలుగా తయారయ్యాయి. ఒక వైపు రెండు చెవుల కూజా, "రెండవ సంవత్సరం" అని తేదీ. ఇంకో వైపు తీగతో సహా ద్రాక్షాకు, చుట్టూ పాత లిపిలో "సీయోను స్వాతంత్ర్యం". రాజు పేరు లేదు, యాజకుడి పేరు కూడా లేదు! ఆ వెండి షెకెళ్ళ మీదా పేరు లేదు, పాత్రా మూడు దానిమ్మ మొగ్గలూ ఉన్నాయి. గమ్లా అనే కొండ ఊరి తవ్వకాల్లో ఇంకా మోటు కాసులు కొన్ని దొరికాయి, యెరూషలేము విమోచన కోసం అని అక్షరాలు వంకరటింకరగా చెక్కినవి. ఆ ఊరు 67లోనే రోము చేతిలో నాశనమైంది. చావు ముంగిట నిలబడ్డ పల్లెటూరివాళ్ళు కత్తులకు వాడుకోవాల్సిన లోహంలో కొంత తీసి కాసులు కొట్టుకున్నారు. దాంతో కొనేదేముంది? కొనడానికి కాదు, మాకూ ఒక నాణెం ఉంది అని చెప్పుకోవటానికి.

నాలుగో ఏడు కాసుల మీద మాట మారింది. "స్వాతంత్ర్యం" పోయి "సీయోను విమోచన కోసం" అని వచ్చింది. రోము సైన్యం దగ్గరపడుతోంది, తిండి తగ్గుతోంది. స్వాతంత్ర్యం చేతిలో ఉన్న వస్తువు, విమోచన అడుక్కునే వస్తువు. కాసు మీద రెండు మాటల తేడాతో మూడేళ్ళ కథ తెలిసిపోతుంది. క్రీ.శ. 70లో దేవాలయం కాలిపోయింది. ఆ మరుసటేడు నుంచి రోము పెద్ద పెద్ద కంచు నాణేలు కొట్టించింది. అదే ఖర్జూరపు చెట్టు. దాని కింద తల చేత్తో పట్టుకుని కూర్చున్న యూదు స్త్రీ. "యూదయ పట్టుబడింది" అని లాటిన్ అక్షరాలు. వెనకవైపు మళ్ళీ చక్రవర్తి తల.

చిలుము సంగతి మరిచిపోయాననుకోకండి. భూమిలో పడిన కంచు మీద ముందు ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడు పొర, దాని పైన పచ్చటి బేసిక్ కార్బొనేటు పొర ఏర్పడతాయి. ఈ పచ్చపొర శత్రువు కాదు. చాలా కాసుల్లో అక్షరాల అంచులు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. తళతళలాడాలని చింతపండుతో తోమితే బొమ్మ కూడా పోతుంది. అసలు శత్రువు ఉప్పు. క్లోరైడు లోపలికి చేరితే క్యూప్రస్ క్లోరైడు తయారై, గాలీ తేమా తగలగానే లేతపచ్చ పొడిగా రాలుతూ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మళ్ళీ రాగిని తింటుంది, మళ్ళీ క్లోరైడు, మళ్ళీ పొడి. దీన్ని కంచు జబ్బు అంటారు. అసలు తీరకుండా వడ్డీ మీద వడ్డీ పెరగడమంటే ఇదేనని సెమినారులో చెబితే మాస్టారు కూడా నవ్వారు.

ఈ కాసుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి చివరివి. క్రీ.శ. 132లో షిమోన్ బర్ కొసిబా, చరిత్రలో బర్ కోఖ్బా అనే పేరుతో ప్రసిద్ధికెక్కినవాడు, మళ్ళీ తిరుగుబాటు లేవదీశాడు. నాణేలకు కొత్త లోహం వెతుక్కోలేదు. రోము నాణేలనే పోగుచేసి, పెద్ద కంచు నాణేలైతే చక్రవర్తి మొహాన్ని ఆకురాయితో అరగదీసి, పైన తమ అచ్చు కొట్టారు. ఏడు మట్టల ఖర్జూరపు చెట్టు, ద్రాక్షాకు, ద్రాక్షగుత్తి, తంబుర, బూరలు. కొన్నింటిలో అరగదీత సరిపోక ద్రాక్షగుత్తి కింద చక్రవర్తి మెడో, లాటిన్ అక్షరమో ఇంకా కనిపిస్తుంది. పలక మీద పాత లెక్క సరిగ్గా చెరిపెయ్యకుండా కొత్త లెక్క వేసినట్టు.

ఆ వెండి నాణేల మీద ఖర్జూరపు మొవ్వు, పక్కన మాదీఫలం ఉన్నాయి. ఇవి వాళ్ళ పర్ణశాలల పండుగలో చేత పట్టుకునేవి. అది కళ్ళం పనులు ముగిశాక వచ్చే పండుగ, మన సంక్రాంతి లాంటిది. 69లోనూ ఇవే బొమ్మలు కంచు మీద ఉన్నాయి. మాదీఫలం అంటే మన దబ్బకాయకు దగ్గరి చుట్టం. బోటనీ విద్యార్థిగా గర్వంగా చెప్పుకుంటాను, దాని పుట్టిల్లు హిమాలయాల దిగువన మన దేశపు ఈశాన్యం వైపు. అది పారశీకం మీదుగా అటు వెళ్ళింది. యెరూషలేము దగ్గర రామత్ రాహేల్లో పారశీకుల కాలపు తోట గోడ పూతలో చిక్కుకున్న దాని పుప్పొడి రేణువులు 2012లో బయటపడ్డాయి. ఇక్కడి కాయ అక్కడి స్వాతంత్ర్యపు నాణెం మీదికి ఎక్కింది.

1960, 61ల్లో యిగాయెల్ యాదిన్ బృందం మృతసముద్రం పక్క గుహలో ఈ షిమోన్ రాయించిన ఉత్తరాలు బయటికి తీసింది. ఒక ఉత్తరంలో ఆయన రెండు గాడిదలను పంపి, ఖర్జూరపు మొవ్వులూ మాదీఫలాలూ వేసి పంపమంటాడు; గొంజి కొమ్మలూ నిరవంజి కొమ్మలూ నీ దగ్గర సమకూర్చు, పదో వంతు తీయడం మరవకు అంటాడు. ఒక పక్క రోము సైన్యం, ఈయనకు పండుగ సామాను బెంగ! నాణెం మీద వేయించినదాన్ని నిజంగానే చెట్టు నుంచి కోయించి జనం చేతుల్లో పెట్టినవాడు నాకు ఈయన ఒక్కడే కనిపించాడు.

అయితే ఆ ఎడారి లోయల్లోనే కౌలు పత్రాలు కూడా దొరికాయి. షిమోన్ పేరు మీద రైతులు భూమి కౌలుకు తీసుకున్నారు, ఏటికి ఇన్ని కొలతల గోధుమలు కొట్టులో కొలిచి పోస్తామని ఒప్పుకుని సంతకాలు చేశారు. "ఇశ్రాయేలు విమోచన సంవత్సరం" అని పైన తేదీ వేసి కింద కౌలు షరతులు! స్వాతంత్ర్యం వచ్చినా కొలిచి పోయడం తప్పలేదు. దీన్ని నేను ఎగతాళిగా చెప్పడం లేదు. సైన్యానికి తిండి ఎక్కడి నుంచి రావాలి? కానీ ద్రాక్షాకు బొమ్మ ఉన్న కాసునూ ఆ కౌలు పత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే మనం సగమే చదివినట్టు.

మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో ఒక నికెల్ రూపాయి ఉంది. 1950 నాటిది. 1947 రూపాయి మీద ఒక వైపు ఆరో జార్జి తల, ఇంకో వైపు పులి ఉండేవి. 1950 ఆగస్టు 15న వచ్చిన కొత్త నాణేల్లో రాజు తల పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, రూపాయి మీద పులి పోయి కంకులు వచ్చాయి. ఇన్నేళ్ళూ ఆ కంకులు చూస్తూ నేను వాటిని ఏదో అలంకారం అనుకున్నాను. ఆమె దాన్ని వాడదు, అమ్మదు. దీపావళి లక్ష్మీపూజకు బయటికి తీస్తుంది, అంతే.

బర్ కోఖ్బా తిరుగుబాటు 135లో అణగిపోయింది. యూదులు యెరూషలేములో అడుగు పెట్టకూడదన్నారు. దేశం పేరు కూడా మార్చేశారు. యెరూషలేము స్థానంలో కట్టిన రోము నగరం ఏలియా కాపిటోలినా. ఆ నగరం పేరుతో హాద్రియన్ చక్రవర్తి కొట్టించిన కంచు నాణెం ఒకటుంది. ఒక వైపు ఆయన తల. రెండో వైపు ఆయనే నాగలి పట్టి దున్నుతున్నాడు. కాడికి ఒక ఎద్దు, ఒక ఆవు. కొత్త ఊరు కట్టేటప్పుడు గోడ వచ్చే చోట చుట్టూ చాలు తోలడం, గుమ్మాలు వచ్చే చోట నాగలి పైకెత్తడం రోమా వాళ్ళ ఆచారం. అన్నేళ్ళ కాసుల్లో కంకి చూశాను, గుత్తి చూశాను, కాయ చూశాను, నాగలి మాత్రం ఇక్కడే చూశాను.

దాన్ని జిరాక్సు తీయించి సెలవుల్లో ఇంటికి తీసుకెళ్ళి నాన్నకు చూపించాను. కాయితం అటూ ఇటూ తిప్పాడు.

"ఎద్దునూ ఆవునూ ఒక కాడికి కట్టినవాడు సేద్యగాడు కాదురా" అన్నాడు.

చక్రవర్తి అని చెప్పాను.

"అయితే మాత్రం? రెండు నడకలు కలుస్తాయా? సరే, ఆ చాల్లో ఏం వేశాడు?"

"ఏమీ వెయ్యలేదు నాన్నా. గోడ కట్టారు."

నాన్న ఇంకా సేపు ఆ కాయితం వైపే చూసి, మేడి ఎటువైపు ఉందో తేలక, కళ్ళజోడు తెచ్చిపెట్టమన్నాడు.